కంటికి కనబడనివాటితో ఆదిలాబాద్ దాకా

బయలుదేరింది ముగ్గురం. నేను, మా అత్తమ్మ, పద్నాలుగు నెలల నా కూతురు నిధి. సామాను మాత్రం పెళ్లి బృందానిది. అందులో అత్తమ్మది ఒక్క చేతిసంచి, అది కూడా సగం పుట్నాల పొడి. మిగిలినదంతా నాదే. ఇరవై నిమిషాలు మరిగించి చల్లార్చిన నీళ్లు పది లీటర్లు. పాలసీసాలు ఉడికించే కరెంటు గిన్నె. శానిటైజర్ మూడు రకాలు: ఒకటి ఇంటివాళ్లకు, ఒకటి పాపను ఎత్తుకోవాలని ఉబలాటపడే బయటివాళ్లకు, ఒకటి రైలు సీటుకు. థర్మామీటర్లు రెండు, ఒకటి అబద్ధమాడితే రెండోది పట్టివ్వడానికి. చలికాలం కదా, పాలు చల్లారకుండా ఉంచే స్టీలు ఫ్లాస్కు ఒకటి. ఇవన్నీ ఆటోలోకి ఎక్కిస్తూ మా ఆయన, పోతున్నది చుట్టాల ఇళ్లకేనా లేక అడవిలో ఆస్పత్రి పెట్టడానికా అని అడిగాడు. ఆయన కామర్సు చదివాడు. వాళ్ల లాభనష్టాలు కంటికి కనబడతాయి. నేను కరీంనగర్‌లో బీఎస్సీ మైక్రోబయాలజీ చదివాను. మూడేళ్లు సూక్ష్మదర్శినిలో చూసినవాటిని ఆ తర్వాత కళ్లు మూసుకున్నా చూస్తూనే ఉండాల్సి వస్తుందని కాలేజీలో చేర్చుకునేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

ప్రయాణం నా కోరిక కాదు. అత్తమ్మకు ముగ్గురు తోబుట్టువులు. బెల్లంపల్లిలో ఒక చెల్లెలు, కాగజ్‌నగర్‌లో అన్న, ఆదిలాబాద్‌లో అందరికంటే చిన్న చెల్లెలు. ముగ్గురిలో ఒక్కరు కూడా ఇప్పటిదాకా పాపను చూడలేదు, ఎందుకంటే నేను చూడనివ్వలేదు. ఆదిలాబాద్ చెల్లెలు ఫోన్‌లో, నీకు నిజంగా మనవరాలు ఉన్నదా, ఫోటోల్లనే ఉన్నదా అని అడిగిందట. ఆ మాటకు అత్తమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

నా భయం మాత్రం ఊరికే పుట్టింది కాదు. గడిచిన నాలుగు నెలల్లో పాపకు మూడుసార్లు వాంతులు, విరేచనాలు అయ్యాయి. బరువు ఎనిమిది కిలోల దగ్గర ఆగిపోయి రెండు నెలలుగా కదలడం లేదు. ఈసారి వస్తే నేరుగా అడ్మిట్ చేయడమే, ఇక ఇంట్లో చూడలేం అని పిల్లల డాక్టరు చెప్పాడు. అంటే నా యాత్రకు ఒకే ఒక లక్ష్యం: నాలుగోసారి రాకుండా తిరిగి ఇల్లు చేరడం. చూడాల్సిన ప్రదేశాలు, తినాల్సిన వంటలు ఆ తర్వాతి సంగతి. తిరిగొచ్చి వారమైంది. పాప పడుకున్నాక రాస్తున్నాను.

జమ్మికుంట

కరీంనగర్ నుంచి బస్సులో జమ్మికుంట, అక్కడి నుంచి రైలు. పత్తి రోజులు కావడంతో ఊరికి నాలుగు దిక్కులా రోడ్డు పక్క తుమ్మచెట్లకు తెల్లటి పీచు వేలాడుతోంది. ట్రాక్టర్లు మార్కెట్ యార్డు వైపు వరుసగా పోతున్నాయి. ఊరంతా ఎవరో పరుపు చింపి దులిపినట్టుంది. గాలిలో ఎగిరే ప్రతి పోగుకూ పాప ముక్కుకూ మధ్య దూరం ఎంతో నేను లెక్కేస్తూ కూర్చున్నాను.

రైలు ముప్పావుగంట ఆలస్యం. బెంచీ మీద మా పక్కన ఒక రైతు కూర్చున్నాడు. యాభై ఏళ్లుంటాయి. పత్తి అమ్మి వస్తున్నాడట, మీసాల మీద కూడా పత్తే. నేను సంచిలో బయటివాళ్ల శానిటైజర్ వెతికేలోపే పాప అతని చూపుడువేలు పట్టేసుకుంది. అతను ఆ వేలిని అలాగే అప్పగించేసి, రైలు వచ్చేదాకా రెండో చేత్తోనే బీడీ కట్ట తీసి మళ్లీ జేబులో పెట్టుకుంటూ గడిపాడు. పిల్ల ఉంది కదా అని వెలిగించలేదు.

ఏం చదివావని అడిగాడు. సూక్ష్మజీవుల చదువు అన్నాను. అర్థం కానట్టు చూస్తే అత్తమ్మ అనువాదం చేసింది: పురుగుల సదువు. దాంతో అతనికి ఆసక్తి పుట్టింది. బీటీ విత్తనం వేస్తే కాయపురుగు రాదన్నారు, మొదట్లో నిజంగానే రాలేదు, ఇప్పుడు గులాబీ పురుగు కాయ లోపలే సంసారం పెడుతోంది, ఎందుకట అని నన్ను నిలదీశాడు, విత్తనం నేనే అమ్మినట్టు. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా పురుగును చంపే విషం తయారుచేస్తుందనీ, ఆ గుణాన్నే విత్తనంలోకి ఎక్కించారనీ, తరం తరం అదే విషం తిని బతికి బట్టకట్టిన పురుగులు దాన్ని అరిగించుకోవడం నేర్చాయనీ చెప్పాను. కాలేజీలో సెమినార్ ఇచ్చినప్పుడు కూడా నా మాట ఇంత శ్రద్ధగా ఎవరూ వినలేదు.

అతను రెండో చేత్తో మీసాల మీది పత్తి దులుపుకున్నాడు. "అంటే పురుగు సదువుకున్నదన్నట్టు. మేమే సదువుకోలే."

రైలు వచ్చింది. వేలు విడిపించుకోవడానికి అతనికే ఎక్కువ సమయం పట్టింది.

బెల్లంపల్లి

రైల్లో సీటు తుడిచాను, కిటికీ తుడిచాను, ఎదుటి సీటు పెద్దమనిషి మోకాలు తగులుతుంటే అది కూడా తుడవాలనిపించి ఊరుకున్నాను. బెల్లంపల్లిలో అత్తమ్మ చెల్లెలిది, అంటే మా చిన్నత్తమ్మ వాళ్లది, కంపెనీ క్వార్టర్. వరుసలో ఇరవై ఇళ్లుంటే సగానికి తాళాలు. బొగ్గు బావులు ఒక్కొక్కటే మూతపడి, ఉద్యోగాలు తగ్గి, జనం వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు మాత్రం ఇరవై ఇళ్ల చుట్టరికం తామే మోస్తున్నారు. కరీంనగర్‌లో మా అపార్ట్‌మెంట్‌లో పక్కింటాయనకు గుండె ఆపరేషన్ అయిన సంగతి నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఇక్కడ మేము చేరిన గంటలో పాప పళ్లు ఎన్నో వరుస మొత్తానికి తెలిసిపోయింది. ఏడుగురు వచ్చి నోరు తెరిపించి లెక్కపెట్టారు. ఎవరి లెక్కా కుదరకపోవడంతో మళ్లీ లెక్కపెట్టారు.

చిన్నత్తమ్మ సర్వపిండి చేసింది. గిన్నెకు అంటిపెట్టి కాల్చిన బియ్యప్పిండి రొట్టె, అంచులు కరకర, మధ్యలో మెత్తన. నాలుగు తిన్నాను. నూటయాభై డిగ్రీల మీద కాలింది కాబట్టి నాకు అభ్యంతరం లేకపోయింది.

అసలు చూడాల్సిన వస్తువు వాళ్లింట్లో టీవీ మీద ఉంది. ఒక బిస్కెట్ల డబ్బా. నిండా మిగిలిపోయిన మాత్రలు. మూడేళ్లుగా వరుసలో ఎవరికి జబ్బు చేసినా, తగ్గగానే మిగిలిన మాత్రలు తెచ్చి ఇందులో వేస్తారట. అవసరమైనవాళ్లు తీసుకుపోతారు. గనిలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరైన చిన్నమామ ఈ డబ్బాకు అధికారి. పేర్లతో ఆయనకు పనిలేదు, రంగులు చాలు. గొంతునొప్పికి సగం ఎరుపు సగం నలుపు గోళీ, కడుపుకు పసుపుపచ్చది. అత్తమ్మ దగ్గగానే ఆయన చేయి డబ్బాలోకి పోయింది.

నేను ఊరుకోలేకపోయాను. మందు అర్ధాంతరంగా ఆపేస్తే లోపల మిగిలిన క్రిములు మందుకు అలవాటుపడతాయనీ, రేపు నిజంగా అవసరమైనప్పుడు అదే మందు పనిచేయదనీ, జమ్మికుంట పురుగును కూడా సాక్ష్యానికి పిలిచి ఉపన్యాసం ఇచ్చాను. చిన్నమామ మర్యాదగా విన్నాడు.

"బాగైనంక గూడ మింగుడెందుకు కోడలా," అన్నాడు చివరికి. "మందు ఖరాబ్ చేసుడు గాదా అది? ఇంకొకనికి అక్కరకొస్తది గద."

గనిలో ఒకడి టిఫిన్ ముగ్గురు తిని, ఒకడి దీపం వెలుతురులో నలుగురు నడిచిన మనిషి. పంచుకోవడం తప్పని ఆయనకు చెప్పడం నా చదువు వల్ల కాలేదు. ఆ డబ్బాను చూసి నేను లోలోపల నవ్వుకుంటున్న సమయంలో నా సంచిలో, పోయిన నెల పాపకు రాసిన యాంటీబయాటిక్ పొడి సీసా ఇంకొకటి, నీళ్లు కలపనిది, అవసరానికి ఉంటుందని తెచ్చింది, గుడ్డలో చుట్టి భద్రంగా ఉంది. అది వేరు. నాది సీల్ తీయనిది.

కాగజ్‌నగర్

అత్తమ్మ అన్నను నేను పెద్దబాపు అంటాను. కాగితం మిల్లులో పనిచేశాడు. కాగితం దగ్గర కాదు, కాగితం అయ్యాక మిగిలిన మురికినీళ్ల దగ్గర. నల్లటి నీళ్లు పెద్ద పెద్ద చెరువుల్లాంటి తొట్లలోకి వస్తాయి, అక్కడ కోట్లాది సూక్ష్మజీవులు ఆ మురికిని తిని నీటిని తేరుస్తాయి. వాటికి గాలి అందుతోందా, తిండి సరిపోతోందా అని చూసుకోవడం ఆయన పని. నేను మార్కుల కోసం చదివిన పాఠాన్ని ఆయన జీతానికి చేశాడు.

"పురుగులను సాదినం బిడ్డా," అన్నాడు, గొర్రెలను పెంచాం అన్నంత మామూలుగా. "నీళ్లల్ల సత్తువ లేకపోతె యూరియా వేసేది. గాలి తక్వైతె కుళ్లిన గుడ్ల వాసన కొడ్తది. మంచిగుంటె వానకు తడిసిన మట్టి వాసన. మీటరు తర్వాత, ముందుగాల ముక్కు."

రెండు వేల పద్నాలుగులో మిల్లు మూతపడింది. ఊళ్లో మనుషుల కంటే ముందు తొట్లలోని పురుగులు చచ్చాయన్నాడు, వాటికి పీఎఫ్ లేదు కాబట్టి. ఆ నాలుగేళ్లు ఆయన కిరాణా కొట్లో పొట్లాలు కట్టాడు. పెద్దమ్మ బీడీలు చుట్టింది. పద్దెనిమిదిలో మళ్లీ తెరిచినప్పుడు తొట్లు మళ్లీ ప్రాణం పోసుకోవడానికి కొత్త పురుగులు కావాలి కదా, ఎక్కడి నుంచి తెచ్చారని అడిగాను. ఏదో లాబొరేటరీ పేరు చెబుతాడనుకున్నాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ట్రాక్టర్ల కొద్దీ ఆవుపేడ తెచ్చి నీళ్లలో కలిపి పోశారట. పదిహేను రోజుల్లో మట్టి వాసన వచ్చిందట. ఆ వాసన చెబుతుంటే ఆయన ముఖం, పాపకు మొదటి పన్ను కనబడిన రోజు మా ఆయన ముఖంలా ఉంది.

అన్నీ విన్నాక కూడా నేను చేసిన పని: పాప ఆయన వాకిట్లో పేడ అలికిన చోట కూర్చోబోతుంటే ఎగిరిపడి ఎత్తుకోవడం. అత్తమ్మ అన్నది. దిష్టి ఉన్నదంటే నమ్మవు, కంటికి కనబడని పురుగులున్నాయని ఇల్లంతా కడుగుతావు, నా దిష్టికైతే గుప్పెడు ఉప్పు, రెండు మిరపకాయలు చాలు, నీ పురుగులకు నెలకు రెండు వేలు పోతున్నాయి అని. ఖర్చు విషయంలో అత్తమ్మ శాస్త్రమే మెరుగని ఒప్పుకున్నాను.

కెరమెరి ఘాట్

ఆదిలాబాద్ గురించి ముందే చెప్పేస్తాను, తర్వాత చెప్పే ఓపిక ఉండదు. మూడు రోజులున్నాం. చలికి మా ఆయన మంకీ క్యాప్ నేను పెట్టుకుని తిరిగాను. పొద్దున్నే ఇడ్లీ దొరికే చోట కూడా జనం అటుకుల పోహా తింటారు, ప్లేటు పాతిక రూపాయలు. రాత్రికి జొన్నరొట్టె, శనగపిండితో గట్టిగా వండే ఝుణ్కా, పల్లీల కారం. దుకాణం వాళ్లు తెలుగులో మొదలుపెట్టిన వాక్యాన్ని మరాఠీలోకి మళ్లించి ఉర్దూలో ముగిస్తారు, సరుకు మాత్రం మనం అడిగిందే ఇస్తారు. ఫోటోల్లనే ఉన్నదా అని అడిగిన ఆవిడ పాపను మూడు రోజులూ కింద దింపలేదు. ఇవన్నీ ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు. నేను చెప్పాల్సింది అక్కడికి చేరకముందు, దారిలో ఒక పల్లెలో గడిపిన నాలుగున్నర గంటల గురించి.

ఆ రోజు కాగజ్‌నగర్‌లో పొద్దున ఐదున్నరకు పాలు కాచాను. మూడు పొంగులు రానిచ్చాను. పాప నోరు కాలకుండా, అడిగినప్పుడు వెంటనే ఇవ్వడానికి వీలుగా, గోరువెచ్చగా చల్లార్చి ఫ్లాస్కులో పోశాను. ఆసిఫాబాద్ బస్టాండులో పదిన్నరకు సీసాలో పోసి ఇస్తే పాప సీసా మొత్తం తాగింది. బస్టాండులో టీ తాగమని అత్తమ్మ ఎంత చెప్పినా నేను తాగలేదు, గ్లాసులు ఎలా కడుగుతున్నారో చూశాను.

కెరమెరి దాటి ఘాట్ మలుపులు మొదలయ్యాయి. టేకు అడవి, అడుగున లోయ, కిటికీలోంచి చల్లగాలి. బాగుంది అని నేను అనుకున్న మొదటి నిమిషం అదే. ఆ నిమిషంలోనే పాప వాంతి చేసుకుంది. మలుపుల వల్ల అనుకున్నాను. రెండోసారి చేసుకుంది. మూడోసారి వాంతితో పాటు విరేచనం. నీళ్లలా ఉంది. పాప తల నా భుజం మీద వాలిపోయింది.

బస్సులో ఎవరికి తెలిసిన వైద్యం వాళ్లు చెప్పారు. ఒకావిడ నిమ్మకాయ తీసింది, ఒకాయన తన మాత్రల్లోంచి సగం విరిచి ఇవ్వబోయాడు. బెల్లంపల్లి డబ్బా బస్సెక్కి మా వెనకే వచ్చినట్టుంది. కండక్టరు ఏమీ చెప్పలేదు. ఘాట్ దిగాక రోడ్డు పక్క పదిహేను ఇళ్ల పల్లె దగ్గర బస్సు ఆపించి, ఈడ ఆశ కార్యకర్త ఉంటది, సోంబాయి, మూడో ఇల్లు, ఆరింటికి ఆఖరి బస్సు నేనే తెస్తా అని చెప్పి మమ్మల్ని సామానుతో సహా దింపేశాడు. అప్పుడు ఒంటిగంటన్నర. రోడ్డు మీద పది లీటర్ల మరిగించిన నీళ్లతో నిలబడి ఉన్నాను. డాక్టరు చెప్పిన నాలుగోసారి ఇదే. ఆస్పత్రి ఉన్న ఉట్నూరు ఇంకా ఎంతో దూరం.

సోంబాయి ఇల్లు

సోంబాయి గోండు మనిషి, నలభై ఐదేళ్లుంటాయి. మట్టిగోడల ఇల్లు, గోడకు టీకాల తేదీల చార్టు. నేను శానిటైజర్ తీసేలోపే ఆమె నీళ్ల గోలెం దగ్గరికి పోయి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చింది. పాప నోట్లో వేలు పెట్టి తడి చూసింది. పొట్ట మీది చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలింది, అది వెంటనే సర్దుకుంది. పాప కళ్లలోకి చూసి చిటిక వేసింది, పాప విసుగ్గా చూసింది. ఆ విసుగు ఆమెకు నచ్చినట్టుంది.

ఉచ్చ ఎప్పుడు పోసిందని అడిగింది. తెలియదు, డైపర్ ఉంది కదా అన్నాను.

"తీసెయ్యి బాయి దాన్ని," అంది. "అది కట్టినంక పోసిందో లేదో దేవునికి గూడ తెల్వది."

డైపర్ తీసి పాత చీర ముక్క కట్టింది. సబ్‌సెంటర్ నర్సమ్మ ఇంకో గూడెంలో టీకాలు వేస్తోంది, ఆమెకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. నర్సమ్మ మాటలు నాకిప్పటికీ గుర్తున్నాయి. ఓఆర్ఎస్ చెంచాతో పట్టండి. మత్తుగా పడిపోయినా, తాగలేకపోయినా, విరేచనంలో నెత్తురు కనబడినా ఒక్క నిమిషం ఆగకుండా నూట ఎనిమిదికి ఫోన్ చేయండి. అవేవీ లేకపోతే ఆరు గంటల దాకా చూడండి. ఆలోపు ఉచ్చ పోస్తే భయం లేదు. పోయకపోతే ఉట్నూరే.

సోంబాయి దగ్గర ఒక స్టీలు చెంబు ఉంది. దాని లోపల ఎర్రటి గోళ్ల రంగుతో ఒక గీత, లీటరుకు సరిగ్గా. పొట్లం మొత్తం అందులో కలిపింది. నా పది లీటర్లలో ఆమె వాడుకున్నది ఆ ఒక్క లీటరే. నిమిషానికి ఒక చెంచా. ఆమె ఏక్, దోన్, తీన్ అని మరాఠీలో లెక్కపెడుతుంటే నేను పట్టాను. ఏడో చెంచాకు పాప అంతా కక్కేసింది. నా చేతులు ఆగిపోయాయి. ఆమె చెంబు మీద మూత పెట్టి, పది నిమిషాలు ఆగి మళ్లీ ఏక్ నుంచి మొదలుపెట్టింది.

అప్పుడు నేను సంచిలోంచి మందు సీసా తీశాను. నీళ్లు కలిపి ఇచ్చేస్తాను, రెండు డోసులు పడితే ఆగుతుంది, పోయినసారి కూడా ఇదే అన్నాను. ఆమె సీసా తీసుకుని తిప్పి చూసి, ఎవరు రాశారని అడిగింది. పోయిన నెల మా డాక్టరు అన్నాను.

"పోయిన నెల రోగానికి రాసిండు. గీ రోగాన్ని ఆయన చూడలే గద." సీసా నా పక్కనే నేల మీద పెట్టింది. లాక్కోలేదు, దాచలేదు. ఇచ్చుకుంటే ఇచ్చుకో అన్నట్టు నా చేతికి అందే దూరంలోనే ఉంచింది. అలా ఉంచడం వల్లే నేను ముట్టుకోలేకపోయాను.

పొద్దుటి నుంచి పాప ఏం తిన్నదో ఒక్కొక్కటే అడిగింది. పాలు అన్నాను. ఎప్పుడు కాచినవి, ఎప్పుడు ఇచ్చావు, అప్పటిదాకా ఎక్కడున్నాయి. ఫ్లాస్కు అడిగి తీసుకుని మూత తిప్పింది. అడుగున మిగిలిన పాలు చెంచాతో తీసి వాసన చూసింది, చేతి మీద చుక్క వేసుకుంది.

"మేం పెరుగు తోడువెట్టాల్నన్నా గిట్లనే వెడ్తం," అంది. "గింతే వెచ్చగ, గిన్నే గంటలు."

ఆమె ఎగతాళికి అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. కాలేజీ ల్యాబులో గోడవారన ఒక పెట్టె ఉండేది. ముప్పై ఏడు డిగ్రీల దగ్గర కదలకుండా ఉంచితే, పొద్దున కంటికి కనబడని ఒక చుక్క సాయంత్రానికి పళ్లెమంతా పరుచుకునేది. ఆ పెట్టెను ఇంక్యుబేటర్ అంటారని రాసి రెండు మార్కులు తెచ్చుకున్నదాన్ని. చెయ్యి తగిలో, గరిట తగిలో, ఫ్లాస్కు మూత సందులోనో ఒక్క క్రిమి మిగిలితే చాలు, దానికి ఇష్టమైన వేడి, ఇష్టమైన తిండి, ఐదు గంటల తీరిక నేనే ఏర్పాటు చేశాను. ఇవాళ ఒక్కరోజే కాదు. ఇంట్లో కూడా రాత్రి కాచిన పాలు గోరువెచ్చగా ఫ్లాస్కులో పోసి తెల్లవారుజామున ఇచ్చేదాన్ని. మొదటిసారి, రెండోసారి, మూడోసారి. రైతు వేలును, రైలు సీటును, పేడ వాకిలిని, బస్టాండు గ్లాసును అనుమానించిన నేను అనుమానించని వస్తువు ఇల్లు మొత్తంలో అదొక్కటే.

నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ మాట్లాడింది.

"పాలు నేను పోసినవే. గా పిల్లకు తెల్వది."

ఆ పొద్దున నేను పాలు కాస్తున్నప్పుడు అత్తమ్మ నిద్రలో ఉంది. సోంబాయి ఇద్దరి ముఖాలూ చూసింది. ఎవరు పోస్తే ఏంటి, ఇక నుంచి గిన్నెలోంచి చల్లటివి తీసి, ఇచ్చే ముందు మరగబెట్టి గ్లాసుతో పట్టండి, ఫ్లాస్కు వద్దు అని చెప్పి చెంచా మళ్లీ నా చేతికిచ్చింది. అత్తమ్మ బయటికి పోయి అరుగు మీద కూర్చుంది. పద్నాలుగు నెలలుగా నన్ను దెప్పడానికి ఇలాంటి ఒక్క తప్పు దొరక్క ఎదురుచూసిన మనిషి అది దొరికిన రోజున దాన్ని తన మీద వేసుకుని కూర్చుంది.

మూడున్నరకు వాంతులు ఆగాయి. పాపకు కొంచెం నిద్ర పట్టింది. నేను నిద్ర అనుకున్నాను, మత్తు అనుకున్నాను, మళ్లీ నిద్ర అనుకున్నాను. ప్రతి పది నిమిషాలకూ సోంబాయి పాప అరికాలు మీద గీకితే అది కాలు లాక్కునేది, ఆమె తల ఊపేది. జింకు మాత్ర నీళ్లలో కరిగించి పట్టింది, పద్నాలుగు రోజులు ఆపకుండా ఇవ్వాలని మూడుసార్లు చెప్పింది. తగ్గాక కూడా మింగాల్సిన మందు ఒకటుందని బెల్లంపల్లి చిన్నమామకు చెప్పాలి.

అత్తమ్మకు, నాకు జొన్న అంబలి పోసింది. నిన్న రాత్రి కలిపి ఉంచింది, పైన చిన్న చిన్న బుడగలు. బుడగలు ఎందుకొస్తాయో, ఎవరు ఊపిరి వదిలితే వస్తాయో నాకు తెలుసు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. పుల్లగా, చల్లగా, ఉప్పగా ఉంది. రెండో గ్లాసు అడిగాను.

నాలుగున్నర. గుడ్డ పొడిగానే ఉంది. ఐదు. పొడిగానే ఉంది. సోంబాయి లెక్కపెట్టడం మానేసింది, నేనే నాలుక కదలకుండా లెక్కపెట్టుకుంటూ చెంచాలు పట్టాను. ఐదుంబావుకు ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని, బండి రావడానికే గంట పడుతుంది, ఇప్పుడే పిలిస్తే మంచిది అంది. పాపను ఒళ్లో సర్దుకుంటూ సరే అన్నాను. ఆమె నూట ఎనిమిది నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది.

అప్పుడు నా తొడ మీద వెచ్చగా తగిలింది. మొదట అర్థం కాలేదు. వెచ్చదనం మోకాలి దాకా పాకింది, చుడీదారు తడిసింది, కింద పరిచిన బొంత తడిసింది. పాప కళ్లు తెరిచి, తను చేసిన పనితో తనకేమీ సంబంధం లేనట్టు గోడ మీది చార్టు చూస్తోంది. సోంబాయి ఫోన్‌లో ఎవరికో, వద్దు వద్దు, పోసింది అని చెప్పి పెట్టేసింది. అరుగు మీద నుంచి అత్తమ్మ, ఏమైందే అని లోపలికి వచ్చి, తడి చూసి, గుమ్మంలోనే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను లేవబోతే సోంబాయి భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"లేవకు. ఇంకా పోస్తది, పోయనియ్యి."

పోసింది. ఆమె రిజిస్టరు తెరిచి టైము రాసుకుంది, ఐదు ఇరవై రెండు. తర్వాత గడి చూసి, మీ ఊరు ఇందులో లేదే అని కాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి, మార్జిన్‌లో "బస్సు పిల్ల" అని రాసింది.

ఆరింటికి కండక్టరు చెప్పినట్టే వచ్చాడు. బొంత ఉతికిస్తానంటే సోంబాయి నవ్వి, మూడు ఓఆర్ఎస్ పొట్లాలు చేతిలో పెట్టింది. అత్తమ్మ పాపను తీసుకుని ముందు సీట్లో కూర్చుంది. పాప ఆమె గొలుసు పట్టుకుని లాగుతోంది. నేను తడి బట్టలతో వెనక సీట్లో కూర్చున్నాను. ఆదిలాబాద్ దాకా నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆ ప్రయాణం మొత్తంలో నేను అంత హాయిగా కూర్చున్నది అప్పుడే.